మా ఊళ్ళో గారు

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తాయన అసలు పేరు కరెంటు బిల్లుకీ, కొరియర్ కుర్రాడికీ మాత్రమే తెలుసు. మిగతా అందరికీ ఆయన 'మా ఊళ్ళో గారు'. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అన్యాయంగా మాత్రం పెట్టలేదు. ఆయన నోరు తెరిస్తే ముందు బయటికొచ్చేవి ఆ రెండు మాటలే. లిఫ్టు చెడిపోతే "మా ఊళ్ళో లిఫ్టులెక్కడివండీ, హాయిగా మెట్లెక్కేవాళ్ళం" అంటారు. మూడు రోజులకి లిఫ్టు బాగయితే "మా ఊళ్ళో అయితే మెకానిక్కు పిలిచిన పది నిమిషాల్లో వాలిపోతాడు" అంటారు. లిఫ్టే లేని ఊళ్ళో మెకానిక్కుకి పనేమిటని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. అడిగితే దానికీ ఓ 'మా ఊళ్ళో' ఉంటుంది.

ఆ ఊరు బెజవాడ. ఆయన ఉండేది కూకట్‌పల్లిలో. వచ్చి పాతికేళ్ళు దాటింది. ఉద్యోగం, సొంత ఫ్లాటు, పిల్లవాడి చదువు, గ్యాసు కనెక్షను, షుగరు డాక్టరు అన్నీ ఇక్కడే. అయినా "ఎప్పటికైనా వెళ్ళిపోయేవాళ్ళమే లెండి" అంటూ రైలు కోసం వెయిటింగ్ రూములో కూర్చున్నవాడి ధోరణిలో ఉంటారు. అసోసియేషన్ ప్రెసిడెంటుగా ఉండమని ఏటా అడుగుతాం. "పరాయి ఊరి పెత్తనాలు మనకెందుకండీ" అని ఏటా తప్పించుకుంటారు. ఆ పరాయి ఊరి నీళ్ళ ట్యాంకరు ఆలస్యమైతే అందరికంటే ముందు అరిచేది మాత్రం ఆయనే.

నాది బందరు. పరిచయమైన రోజే చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "బందరా! తెలియకపోవడమేవిటండీ, మా ఊళ్ళో ఓ రోడ్డు" అన్నారు. కాసేపాగి, నా మొహం చూసి జాలిపడి, "ఓ కాలువ కూడాను" అని కలిపారు. రెండో అంతస్తు ఏలూరాయనకీ అదే మర్యాద జరిగింది. ఒక రోడ్డు, ఒక కాలువ. చుట్టుపక్కల ఊళ్ళన్నీ బెజవాడ వీధులకు పేర్లు అందించడానికే పుట్టాయని ఆయన నమ్మకం.

నేనూ ఊరుకోలేదు. "అయ్యా, మీది ఎంత పెద్ద ఊరైనా కృష్ణా జిల్లాకు ముఖ్యపట్నం మాదే. కలెక్టరు గారి సంతకం కావాలంటే మీ బందరు రోడ్డు పట్టుకుని మా బందరు రావలసిందే" అన్నాను. చాలా ఏళ్ళపాటు ఆయన దగ్గర దీనికి జవాబు లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి, బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు ముఖ్యపట్నమైంది. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి స్వీట్ల డబ్బా పంపించారు. తెరిచి చూస్తే బందరు లడ్లు.

ఆయనకు చరిత్ర బాగా తెలుసు. అవసరం లేని చోట ఇంకా బాగా గుర్తొస్తుంది. మా పార్కింగు షెడ్డుకు రేకులు వేయడం రెండు వేసవులు సాగింది. జనరల్ బాడీ మీటింగులో లేచి, "కృష్ణానది మీద ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855 కల్లా పూర్తి చేశారండీ. కాటన్ దొర పథకం, కెప్టెన్ ఓర్ పనితనం. జేసీబీల్లేవు, సిమెంటు లారీల్లేవు. ఇక్కడ ఆరు రేకులు!" అన్నారు. సెక్రటరీ బిక్కమొహం వేశాడు. ఆ ఆనకట్ట 1952లో తెగిందని, దాని చోట కట్టిందే 1957 నాటి ప్రకాశం బ్యారేజీ అని ఏలూరాయన అందించబోయాడు. "తొంభై ఏడేళ్ళు నిలిచి తెగిందండీ. మీ షెడ్డు సంగతి అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

బెజవాడ రోడ్ల మీద ఆయన ప్రసంగం వినాలి. బందరు రోడ్డు అసలు పేరు మహాత్మాగాంధీ రోడ్డు. ఏలూరు రోడ్డు అసలు పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు. "గాంధీగారికీ మార్క్సుగారికీ ప్రపంచంలో ఎక్కడా కుదరలేదండీ. మా ఊళ్ళో గవర్నరుపేటలో ఇద్దరికీ మధ్య బీసెంట్ రోడ్డు వేసి కలిపేశాం. అనీబిసెంటు గారి పేరున చీరలూ గాజులూ చెప్పులూ బేరమాడుకుంటాం. అలిసిపోతే లెనిన్ సెంటర్లో నిలబడి పాత పుస్తకాలు తిరగేస్తాం." ఇంత సిద్ధాంతం కాళ్ళకింద పెట్టుకున్న ఊరు మరొకటి చూపించమని సవాలు. చూపించడానికి ఎవరూ ముందుకు రారు. ఎందుకంటే అప్పటికే ఆయన సినిమా హాళ్ళలోకి వెళ్ళిపోయి ఉంటారు. ఆంధ్రదేశంలో తొలి సినిమా హాలు 1921లో వెలిసిన మారుతీ మాదేనంటారు. సినిమా ఎక్కడ తీసినా, ఎవరు తీసినా, బెజవాడలో మార్నింగ్ షో చూసొచ్చిన వాళ్ళు ఒక మాట అంటే గానీ ఆయన దృష్టిలో అది విడుదలైనట్టు కాదు. మా వీధి చివర మల్టీప్లెక్సులో తొలి రోజు తొలి ఆటకు టికెట్టు ఇచ్చినా, ముందు బెజవాడ తమ్ముడికి ఫోను చేసి కనుక్కుని గానీ సీట్లో స్తిమితంగా కూర్చోరు.

ఇవన్నీ గొప్పలు. గొప్పలు అందరూ చెప్పుకుంటారు. ఆయన ప్రతిభంతా ఊరి కష్టాలను గొప్పలుగా మార్చడంలో ఉంది.

ఎండ సంగతే చూడండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని లోకంలో సామెత. "మా ఊళ్ళో రోహిణి కార్తె ఉగాదికే మొదలవుతుందండీ" అంటారు, ఇంట్లో దండిగా బంగారం ఉన్నవాడిలా. హైదరాబాదులో నలభై డిగ్రీలకే స్కూళ్ళు మూసేస్తుంటే జాలిగా నవ్వుతారు. "చుట్టూ కొండలండీ మాకు. పగలంతా కాగి, రాత్రి ఆ వేడి ఊరి మీద కక్కుతాయి. అర్ధరాత్రి కుళాయి తిప్పితే టీ పెట్టుకోవచ్చు." దోమల విషయం కూడా అంతే. ఊళ్ళోంచి మూడు కాలువలు వెళుతుంటే దోమలు ఉండవా? ఉంటాయి, ఉండాలి. "ఇక్కడి దోమలు పిరికివి, చాటుగా కుట్టిపోతాయి. మా ఊరి దోమ ముందు చెవిలో చెప్పి మరీ కుడుతుంది" అంటారు.

రైల్వే స్టేషను దగ్గర ఆయన గొంతు గంభీరమవుతుంది. "పది ప్లాట్‌ఫారాలండీ. ఢిల్లీ నుంచి మద్రాసు వెళ్ళేవాడూ, హౌరా నుంచి మద్రాసు వెళ్ళేవాడూ మా ఊరికి మొహం చూపించి వెళ్ళాల్సిందే." మరి ప్రతి రైలునూ ఔటర్లో అరగంట నిలబెడతారేమని ఎవరో అడిగారు. "గుమ్మంలో కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రానిస్తారటండీ?" అన్నారు.

2020లో దుర్గగుడి దగ్గర ఫ్లైఓవరు తెరిచినప్పుడు మేమంతా అభినందించాం. ఆయన ముభావంగా ఉన్నారు. "ఏం బాగుందండీ? పూర్వం ఇంద్రకీలాద్రి కింద ట్రాఫిక్కులో ఇరుక్కుంటే అమ్మవారికి తీరిగ్గా దణ్ణం పెట్టుకునేవాళ్ళం. లలితా సహస్రనామం సగం అయ్యేది. ఇప్పుడు చెయ్యెత్తేలోపు భవానీపురం వచ్చేస్తోంది."

బెజవాడను తిట్టే హక్కు ఆయనకు పూర్తిగా ఉంది. అది ఆయన ఇంకెవరికీ ఇవ్వరు. ఆయన ఎండను తిట్టొచ్చు, ఔటరును తిట్టొచ్చు, బెంజి సర్కిల్లో హారన్లను నానా మాటలూ అనొచ్చు. మనం "అవునండీ, మరీ దారుణం" అన్నామా, అంతే! "మీరెప్పుడు చూశారు? ఎన్నాళ్ళున్నారు? ఏ సెంటర్లో?" అని క్రాసు ఎగ్జామినేషను మొదలవుతుంది. నేను ఈ సూత్రం త్వరగానే గ్రహించాను. ఆయన ఊరిని తిడుతుంటే 'పాపం' అనకూడదు, 'నిజమే' అనకూడదు. "అబ్బే, మీరు మరీ చెబుతారు" అనాలి. అప్పుడు ఆయనకు ఊరిని తిట్టిన తృప్తీ, ఊరికి పరువు దక్కిన తృప్తీ రెండూ దొరుకుతాయి.

పౌరసత్వం విషయంలో ఆయన బహు నిక్కచ్చి. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు "మాదీ బెజవాడే" అన్నారంటే వెంటనే పొంగిపోరు. "బెజవాడలో ఎక్కడ?" అంటారు. పటమట అంటే తల ఊపుతారు. సత్యనారాయణపురం అంటే లోపలికి పిలుస్తారు. వన్‌టౌను అంటే కాఫీ ఇప్పిస్తారు, కాళేశ్వరరావు మార్కెట్టు ఎలా ఉందని అక్కడి మనుషుల క్షేమం అడిగినట్టు అడుగుతారు. పోరంకి, కంకిపాడు అంటే "ఓహో, ఊరి బయటా" అంటారు. ఉయ్యూరుదాకా వెళ్ళిన వాళ్ళకు మంచినీళ్ళే. ఒక కుర్రాడు కాస్త ధీమాగా "గన్నవరం ఎయిర్‌పోర్టు పక్కనే అంకుల్" అన్నాడు. "అంటే మా ఊరికి విమానం దిగే చోటన్నమాట" అని పంపించేశారు.

ఐదో అంతస్తులో విశాఖపట్నం వాళ్ళు దిగినప్పుడు మేమంతా సరదాగా ఎదురుచూశాం. ఆ ఇంటాయన అడగనే అడిగాడు. "మీ ఊరు మంచిదే గురువుగారూ, గానీ సముద్రం లేదు కదా?" మా ఊళ్ళో గారు తొణకలేదు. "ఉండి ఏం చేసుకుంటారండీ? అన్ని నీళ్ళుండీ ఒక్క గుక్క తాగలేరు. మా కృష్ణ తాగడానికొస్తుంది, పొలానికొస్తుంది, పుష్కరానికొస్తుంది. 2028లో పుష్కరాలు, మీరూ రండి, ఒక మునక మునిగి తియ్యటి నీళ్ళెలా ఉంటాయో చూసి వెళుదురు గాని" అన్నారు.

అసలైన ప్రత్యర్థి మాత్రం నాలుగో అంతస్తు గుంటూరాయన. రెండు ఊళ్ళకూ మధ్య దూరం ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. వైరం దూరంతో పెరిగేది కాదు. ఊళ్ళు ఎంత దగ్గరైతే అంత రుచి. ఏప్రిల్ వచ్చిందంటే ఇద్దరూ ఉదయం పేపరు పట్టుకుని వాకింగు ట్రాకు మీద ఎదురుపడతారు. ఏ ఊళ్ళో ఎండ ఎక్కువ అన్నది పందెం. గుంటూరాయన దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. రెంటచింతల. రాష్ట్రంలో ఎక్కడ ఎంత కాసినా చివరికి రెంటచింతల పేరు పేపర్లో ఉంటుంది. "అది మా జిల్లాదేనండోయ్" అనగానే ఆట ముగిసేది. ఆ కొత్త జిల్లాల ఏప్రిల్లోనే రెంటచింతల పల్నాడు జిల్లాలోకి వెళ్ళిపోయింది. బందరు లడ్లు పంచిన చేత్తోనే మా ఊళ్ళో గారు నాలుగో అంతస్తుకు వెళ్ళి, "మీ ఎండ పోయిందటగా, పాపం" అని పరామర్శించి వచ్చారు. గుంటూరాయన చాలారోజులు మాట్లాడలేదు. తర్వాత "రాజధాని నదికి మీ వైపుందా, మా వైపుందా?" అనే కొత్త అస్త్రంతో దిగాడు. ఇప్పుడు ఇద్దరూ మళ్ళీ కులాసాగా ఉన్నారు.

ఆయన నోట 'మా ఊళ్ళో' వినపడని వారం ఒక్కటే నాకు గుర్తుంది. 2024 సెప్టెంబరు మొదటి వారం. కృష్ణకు ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. నది సంగతి అలా ఉండగా, ఊరికి వెనకవైపు నుంచి బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచేసింది. టీవీలో మేడల మీద నిలబడ్డ జనం, పాల ప్యాకెట్లు తెచ్చే పడవలు. ఆయన లిఫ్టులో కనిపించినా తలెత్తలేదు. బుడమేరును ఆయన తిట్టినంత ఎవరూ తిట్టి ఉండరు; ఆ వారం ఒక్క మాట అనలేదు. ఎవరో "వాగు పక్కన ఇళ్ళు కట్టుకుంటే అంతేగా మరి" అన్నారు. ఆయన సమాధానం చెప్పకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు. సాయంత్రం గుంటూరాయన ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశాడు. మొదటి సంతకం విశాఖపట్నం ఆయనది. పదిహేను రోజుల తర్వాత లిఫ్టులో "మా ఊళ్ళో..." అని వినపడినప్పుడు అందరం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాం.

ఇంత ప్రేమించే ఊరికి వెళితే ఏం చేస్తారో వాళ్ళావిడ చెబుతారు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో గంటలు నిలబడి, చిల్లకల్లు దాటేసరికి అద్దం దించి గాలి పీల్చడం మొదలుపెడతారట. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ ప్లాంటు పొగ కనబడితే దణ్ణం పెట్టినంత పని చేస్తారట. తెల్లారగానే గాంధీనగరంలో బాబాయి హోటలుకు వెళ్ళి, వెన్న కరిగే ఇడ్లీ తిని, జన్మ ధన్యమైందంటారట. అక్కడితో సరి. మర్నాటి నుంచి చెమట, దుమ్ము, పార్కింగు. "ఏవిటోయ్ ఈ ఊరు ఇలా అయిపోయింది, మా కూకట్‌పల్లిలో రాత్రయితే చల్లగా ఉంటుంది" అని తమ్ముడితో అంటారట. ఆటో ఎక్కి దారి చెబితే ఆ గుర్తులు సగం ఇప్పుడు లేవు. మూసేసిన సినిమా హాలు, కొట్టేసిన వేపచెట్టు, ఫ్లెక్సీల వెనక మాయమైన సోడా బండి. ఆటో కుర్రాడు ఆయన మాట విన్నట్టు నటిస్తూ ఫోనులో మ్యాపు చూసుకుంటాడట. నాలుగో రోజు పొద్దున్నే తిరుగు ప్రయాణం. బెజవాడలోనే పుట్టి, బెజవాడలోనే ఉన్న ఆ తమ్ముడు ఊరి గురించి ఒక్క మాటా మాట్లాడడు. అతనికి కావలసిందల్లా హైదరాబాదులో ఓ ఇళ్ళ స్థలం.

ఊరి గురించి మాట్లాడని మనిషి మా అపార్ట్‌మెంటులోనూ ఒకరున్నారు. నూట ఒకటో నంబరు ఫ్లాటు పెద్దాయన. మా అపార్ట్‌మెంటు నిలబడ్డ నేల ఆయనదే. పొలాన్ని బిల్డరుకిచ్చి వాటాకు ఫ్లాట్లు తీసుకున్నారు. ఇంతమందిలో సొంత ఊళ్ళో ఉంటున్నది ఆయనొక్కరే. ఒకసారి మాటల్లో, "ఇగో, మీరు కార్లు పెడ్తున్నరు సూడుండ్రి, ఆడ మా బాయి ఉండె. ఈ లిఫ్టు కాడ మా నాయిన జొన్న ఏసెటోడు" అన్నారు. అంతకుమించి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఊరొదిలి వచ్చినవాడికి చెప్పుకోవడానికి ఊరంటూ మిగులుతుంది. ఆయన మాత్రం అడుగు కదపకుండానే ఊరు కాళ్ళకింద నుంచి వెళ్ళిపోయింది. అయినా ఎవరి మీదా కోపం లేదు. మా ఊళ్ళో గారి ఉపన్యాసాలు ఓపిగ్గా విని, ఒక్కటే ప్రశ్న అడుగుతారు. "గింత మంచి ఊరు ఇడిసిపెట్టి ఈడికెందుకొచ్చిన్రు సారూ?"

"అందరం అక్కడే ఉంటే ఊరు ఇరుకైపోదుటండీ?" అంటారీయన.

ఈ మధ్య వాళ్ళబ్బాయికి సంబంధం వచ్చింది. అబ్బాయి ఉద్యోగం బెంగళూరులో. పిల్లవాళ్ళిద్దరూ ముందే ఒక మాట అనుకున్నారు కాబట్టి పెద్దవాళ్ళు వచ్చి కాఫీ తాగడమే మిగిలింది. మా వైపు పెద్దమనుషులుగా నన్నూ, నూట ఒకటో నంబరు పెద్దాయననూ కూర్చోబెట్టారు. ఆడపిల్లవాళ్ళు బెంగళూరు నుంచి కారులో వచ్చారు. జేఎన్టీయూ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని గంటన్నర ఆలస్యమైంది. కాబోయే వియ్యంకుడు చెమట తుడుచుకుంటూ కూర్చుని, "ఇదేం ఊరండీ బాబూ! మనుషులెలా ఉంటున్నారండీ ఈ కూకట్‌పల్లిలో?" అన్నాడు.

నేను మా ఊళ్ళో గారి వైపు చూశాను. పాతికేళ్ళుగా ఆయన రోజూ అనే మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. సంతోషంగా అందుకుని, 'మా ఊళ్ళో అయితేనా' అని మొదలుపెడతారనుకున్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టారు. మొహం ఎర్రబడింది.

"ఏమండీ, మీ బెంగళూరు సిల్క్‌బోర్డు దగ్గర కార్లు గాల్లో ఎగురుతున్నాయా? మాకు మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో ఉంది. గడప దాటితే రైతుబజారు ఉంది. రాత్రి పన్నెండింటికి వేడివేడి ఇడ్లీ దొరుకుతుంది. తెలుగునాట ఏ జిల్లా మాట కావాలన్నా మా వీధిలో వినబడుతుంది. మీరెప్పుడు చూశారు? ఎన్నాళ్ళున్నారు? ఏ కాలనీలో?"

వాళ్ళావిడ వంటింట్లోంచి పరుగున వచ్చి జంతికల పళ్ళెం అడ్డం పెట్టారు. వియ్యంకుడు మంచివాడు, "అబ్బే, ఊరికే అన్నాను బావగారూ" అని నవ్వేశాడు. సంబంధం దెబ్బతినలేదు. పెళ్ళి మాత్రం ఎక్కడ చెయ్యాలన్న చర్చలో మా ఊళ్ళో గారు మళ్ళీ మామూలు మనిషయి బెజవాడ కల్యాణమండపాల జాబితా చదవడం మొదలుపెట్టారు.

వాళ్ళు వెళ్ళాక పెద్దాయన నింపాదిగా చేతికర్ర అందుకుని లేచారు. "సారూ, ఇందాక మీరు 'మాకు' అన్నరు. 'మా వీధి' అని సుత అన్నరు."

"అంటే... మన ట్రాఫిక్కుని మనం తిట్టుకుంటాం గానీ, పై ఊరివాడెవడండీ అనడానికి?"

"నేనేమన్న వద్దన్ననా? మనూరే అన్నరు. గట్లయితే ఈపారి అసోసియేషన్ పెసిడెంటు మీరే."

తప్పించుకునే దారి లేదు. పరాయి ఊరనే తలుపు అరగంట కిందటే ఆయనే స్వహస్తాలతో మూసేసుకున్నారు. ఆ ఆదివారమే ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. గుంటూరాయన ప్రతిపాదించాడు, నేను బలపరిచాను. సోమవారం పొద్దున్నే లిఫ్టు పక్కన కొత్త ప్రెసిడెంటు గారి తొలి నోటీసు అంటించి ఉంది. వేసవి దృష్ట్యా నీళ్ళ ట్యాంకర్లు రోజు విడిచి రోజు మాత్రమే వస్తాయని, అందరూ పొదుపుగా వాడుకోవాలని, కార్లు పైపుతో కడిగితే జరిమానా అని, మెయింటెనెన్సు బకాయిలు పదో తారీఖు లోపల కట్టాలని వరసగా నాలుగు అంశాలు. అన్నీ సబబైనవే. అయిదో అంశం ఇలా ఉంది:

"మా బెజవాడలో మూడు కాలువలు కలవని ఇందుమూలముగా సభ్యులందరికీ తెలియజేయడమైనది."